వాసవాంబ మూతి విరుపు

గుడియాత్తం బజారులో వాసవాంబ మూతి విరుపుకు జంకని మనిషి లేడు. ఆమె పళ్ళికొండ పిల్ల. అక్కడ హైవే పక్కన వాళ్ళ నాయనకు కొట్టు ఉండేది. లారీ దిగి వచ్చే ప్రతివాడినీ గల్లాపెట్టె వెనకనుంచి ఎగాదిగా చూడడం ఆమెకు చిన్నప్పుడే వంటబట్టింది. సుందరరాజులును పెళ్ళాడి వచ్చాక, ఆయన సిమెంటూ పెయింట్ల అంగట్లో కూర్చుని అదే పని చేసింది. ఏదైనా నచ్చిందని చెప్పడం ఆమెకు చేతకాదు. ఎంత మంచి చీర చూపించినా మూతి ఒక పక్కకు విరిచేది. చూపించినవాళ్ళే అర్థం చేసుకోవాలి.

తొంభైల నడిమిలో ఊరంతా కొత్త మిద్దెలు లేచాయి. రాజులు అంగట్లో సిమెంటు దించింది దించినట్టే అమ్ముడుపోయింది. చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే మగవాళ్ళకు పట్టే పిచ్చి ఒక్కొక్కరికి ఒక్కో రకం. ఈయనకు పిట్టల పిచ్చి పట్టింది. చలికాలం ఆదివారాల్లో ఒక పార్కులో పక్షులను చూడడానికి వేలూరు పెద్దమనుషులు సంఘం పెట్టుకున్నారు. రాజులు అందులో చేరి, మెడలో బైనాక్యులర్ తగిలించి, నెత్తిన ఖాకీ టోపీ పెట్టి ఊరేగాడు. మిగతావాళ్ళు భార్యలతో వస్తారు కాబట్టి, తానొక్కడే పోతే బాగుండదని వాసవాంబనూ కారెక్కించాడు.

ఇక ఆ సంఘం సంబడం చెప్పుకోవాలి. ముందు పొంగలూ వడలూ తినేవాళ్ళు. ఫ్లాస్కులో కాఫీ అయ్యేదాకా షేర్ల ధరలు మాట్లాడుకునేవాళ్ళు. ఎవరి కారు ఎంత కొత్తదో తేల్చుకున్నాక గానీ బైనాక్యులర్లు కళ్ళ దగ్గరికి పోయేవి కావు. అప్పటికి బుద్ధున్న పిట్ట ఏదీ ఆ చుట్టుపక్కల మిగిలేది కాదు. అధ్యక్షుడు లోకనాథం రిటైరైన ఇంజనీరు. కాకిని చూపించేటప్పుడు కూడా గర్భగుడిలో ఉన్నట్టు గొంతు తగ్గించి మాట్లాడేవాడు.

వాసవాంబ ఒళ్ళు మండి పార్కు మూలకు పోయి కూర్చుంది. అక్కడొక బురదకుంట ఉంది. ఒడ్డున పిడికెడంత గోధుమరంగు పిట్ట ఒకటి, వెనకభాగం ఎగరేస్తూ దించుతూ, బురదలో ముక్కు గుచ్చి ఏదో ఏరుకుంటోంది. ఎవరినీ మెప్పించాలన్న ఆలోచన దానికి లేదు. ఆమె దానికి తోకాడించేది అని పేరు పెట్టుకుంది. ఆ చలికాలమంతా చూసింది, మరుసటేడూ చూసింది. అంగడీ వంటిల్లూ కాకుండా ఆమెకు ఉన్నది ఆ ఒక్క పూటే. వారమంతా దానికోసం ఎదురుచూసేది. ఆ మాట మాత్రం పైకి రానివ్వలేదు. పార్కు ఎట్లుండాదని రాజులు అడిగితే మూతి విరిచేది.

మూడో ఏడు ఐప్పసి నెల వానల్లో, పిట్టలు ఇంకా రాకముందు, రాజులు మళ్ళీ అదే అడిగాడు. ఆమె అలవాటు కొద్దీ అనేసింది.

"ఏం పార్కులే. ఆ కుంట ఒకటే కంపు. అట్లాంటి చోటికి వచ్చే పిట్టలకు సిగ్గుండల్ల."

రాజులు ఆ మాట పట్టుకున్నాడు. చుట్టాలు రాకముందే ఇల్లు కడిగి సున్నం కొట్టించడం వాళ్ళ ఇంటి ఆచారం. దూరదేశాలనుంచి వచ్చే చుట్టాలకు మాత్రం ఆ మర్యాద వద్దా అని సంఘంలో అడిగాడు. సంఘం చప్పట్లు కొట్టింది. లోకనాథం పైవాళ్ళ దగ్గర అనుమతి తెచ్చాడు, రాజులు సిమెంటు ఊరికే ఇచ్చాడు. నాగలింగం మేస్త్రి మనుషులతో వచ్చి బురదంతా ఎత్తించాడు, గడ్డి పీకించాడు, కుంటకు అడుగూ గట్టూ సిమెంటు పూసి నీలం రంగు వేశాడు. చెట్ల మొదళ్ళకు సున్నం కొట్టారు. గట్టు మీద రాజులు పేరుతో పలక కూడా పెట్టారు. దీపావళి బేరాల్లో మునిగి ఉన్న వాసవాంబకు ఇదంతా ప్రారంభోత్సవం నాడు, నాదస్వరం మోగుతుండగా తెలిసింది.

పిట్టలు రాలేదు. మార్గళి నెలంతా సంఘం ఆ నీలం నీళ్ళ చుట్టూ నిలబడి వడలు తింది. ఏ దేశంలోనో వాతావరణం చెడిపోయి ఉంటుందని లోకనాథం తేల్చాడు. పొంగల్ పండుగ దాటేసరికి సంఘం పక్షులను వదిలేసి షటిల్ ఆట పట్టుకుంది. దానికి భార్యలు అక్కర్లేదు. వాసవాంబ ఆదివారాలు మళ్ళీ అంగడిపాలయ్యాయి. ఇంతమంది చదువుకున్న మొద్దులు ఒక్కచోట ఎట్లా చేరారా అని ఆమె పళ్ళు నూరుకుంది. మొదటి మాట ఎవరి నోట వచ్చిందో గుర్తొచ్చినప్పుడు ఇంకా గట్టిగా నూరుకుంది.

మాసి నెలలో ఒక ఆదివారం పనిమనిషి రాలేదు. కడుగునీళ్ళు పారబోయడానికి వాసవాంబే పెరటి తలుపు తీసింది. దాని వెనక మురికికాలువ. ఆ కంపుకు భయపడి వీధిలో అందరూ వెనక తలుపులు మూసే ఉంచుతారు. కాలువ అంచున, నల్లటి బురదలో, వెనకభాగం ఎగరేస్తూ దించుతూ తోకాడించేది నిలబడి ఉంది.

ఆమె గిన్నె పట్టుకుని అట్లే నిలబడిపోయింది. షటిల్ బ్యాటుతో బయల్దేరిన రాజులు తలుపు తీసి ఉండడం చూసి వచ్చి, ముక్కు మూసుకున్నాడు.

"ఏం కంపే ఇది. రేపే నాగలింగాన్ని పిలిచి సిమెంటు పూయిస్తా. మన ఇంటి వెనకైనా శుభ్రంగా ఉంటాది."

ఆమె మూతి అలవాటు ప్రకారం పక్కకు పోబోయింది. అంతలో ఆపుకుంది. మూతి విరిస్తే సరేనన్నట్టే ఈయన అనుకుంటాడు. పెళ్ళైనప్పటినుంచీ అట్లే అనుకుంటున్నాడు.

"వద్దు. ఆ బురద అట్లే ఉండనీండి. ఆ పిట్టంటే నాకు ఇష్టం."

ఇష్టమన్న మాట ఆమె నోట రాజులు ఇన్నేళ్ళలో వినలేదు. చీరల గురించీ వినలేదు, తన గురించీ వినలేదు. బైనాక్యులర్ తెచ్చేదా అని మెల్లగా అడిగాడు. అక్కర్లేదు, ఇక్కడినుంచే కనపడతా ఉండాదంది. ఆయన బ్యాటు గోడకు ఆనించి, ముక్కు మీద చెయ్యి తీయకుండానే ఆమె పక్కన నిలబడ్డాడు.