చెయ్యెనక రాసిన నెయ్యి

మా ఊరి దొరసాని సచ్చి ఎన్నేండ్లయినా, తలుసుకుంటె నాకు ఇప్పటికీ కడుపు మండుతది. మా అవ్వ బర్లు పిండి, వెన్న దీసి, కాసిన నెయ్యంత పైస లేకుంట ఎట్టి కింద దొరోల్ల గడికి మోసేది. మాకు మిగిలేది సల్లనే. దొరసాని ఆ నెయ్యి జరంత చెయ్యెనక రాసి, రుద్ది, వాసన జూసేది. ఎంత కమ్మగున్నా మొకం చిట్లిచ్చి, "ఏం గలిపినవే?" అనేది.

దొరల మీద తిరగబడ్డ సంఘం దళాలు ఊర్లల్లకు రాంగనే ఆమె మెదక్‌ల ఉన్న ఇంటికి ఉరికింది. పోలీస్ యాక్షన్ అయినంక మల్ల గడికి వచ్చింది గని, ఎట్టి బందయింది, ఆమెకు నెయ్యీ బందయింది. నాట్లకు మనుషులు దొరకక మమ్ములను పిలిపిచ్చింది. ఎన్నడు లేంది "రాండ్రి, కూసోండ్రి" అనుకుంట ఇస్తార్లేసి, వేడన్నం మీద తనే గంటెతోని పోసింది.

"ఇంటి నెయ్యి, మంచిగ తినుండ్రి."

అవ్వ అన్నం ముట్టలే. ఇస్తారి అంచున పడ్డ సుక్కను చెయ్యెనక రాసింది, రుద్దింది, వాసన జూసింది. అచ్చం దొరసాని లెక్కనే.

"దొరసానీ, గిది నెయ్యి గాదు. నూనెను గడ్డగట్టిచ్చి బజార్ల డబ్బాలల్ల అమ్ముతున్నరే, గా వనస్పతి."

దొరసాని మొకం కందగడ్డయింది. "ఎన్నడన్న నెయ్యి తిన్న మొకమేనానే నీది? నీకేమెరుక?"

అవ్వ ఇస్తారి మలిచి లేసింది. ఆమెనుక మేమందరం లేసినం.

"తినలే దొరసానీ. గని అన్నేండ్లు కాసింది నేనే."