ఐమూల చూపు

ఉక్కు కార్ఖానా పక్క బస్తీ బర్మామైన్స్‌లో తవిటయ్య అరుగు మీద చదరంగం మొదలైతే, చూడవచ్చినవాళ్లకి మొదట విసుగే పుట్టేది. నడిమి గడులన్నీ ఎదుటివాడికి వదిలేసేవాడు. ఓ పక్క బంటును ఒక్క గడి జరిపి, ఆ సందులో ఒంటెను కూర్చోబెట్టి బీడీ వెలిగించేవాడు. అక్కణ్నుంచి ఐమూలగా పలకంతా దాని చూపు కిందే. నడుమ కాలు పెట్టిన గుర్రమైనా ఏనుగైనా కాసేపటికి దానికి దొరికిపోయేది.

ఆ ఆట ఎవరూ నేర్పింది కాదు. కార్ఖానాలో అతను క్రేన్ డ్రైవరు. షెడ్డు కప్పు కింద ఓ మూల కూర్చుని, నడుమ జరిగే పనంతా పైనుంచే నడిపేవాడు. కింద ఖలాసీ కూర్మారావు, అతని చెల్లెలి మొగుడే, గొలుసు తగిలించి చెయ్యి ఊపితే ఎంత బరువైనా కుదుపు లేకుండా లేచేది.

పందొమ్మిది వందల డెబ్బై తొమ్మిదిలో కళ్లకి పొర కమ్మింది. తవిటయ్య ఎవరికీ చెప్పలేదు. దిగితే మళ్లీ ఎక్కనివ్వరని భయం. కూర్మారావు చెయ్యి మసగ్గా కనిపించినా, తెలిసిన ఊపే కదా అని నెట్టుకొచ్చాడు.

ఓ సాయంత్రం ఆటలో కూర్మారావు, ఒంటె దారికి అడ్డున్న తన బంటును ముందుకు తోసేశాడు. నల్లగడిలో నల్ల ఏనుగు, కాపు లేకుండా, సరిగ్గా ఒంటెకి ఎదురుగా నిలబడింది. తవిటయ్య కాసేపు చూసి, ఇటు చివర బంటును జరిపాడు.

“ఏటి బావా, నా ఏనుగు మీద జాలా?”

“ఏనుగేటి? ఎక్కడ?”

కూర్మారావు నవ్వలేదు. “ఆ మూల. కావాలనే ఎట్టినాను. మొన్నా ఇలాగే వదిలేసినావు.”

“ఎలుతురు నేదురా...”

“సూరీడింకా దిగనేదు బావా.” కూర్మారావు గొంతు తగ్గించాడు. “రేపు ఫస్టు షిఫ్టులో గొలుసు కింద నిలబడేది నానే. నిలబడమంటే నిలబడతాను. నువ్వే సెప్పు.”

తవిటయ్య చెయ్యి చాపి తడిమాడు. ఏనుగు అక్కడే ఉంది.

మర్నాడు నిచ్చెన ఎక్కలేదు. చూపు ఆనడం లేదని తనే ఫోర్‌మన్‌కి చెప్పుకున్నాడు. ఆపరేషనయ్యి సోడాబుడ్డి అద్దాలు వచ్చాయి గాని, క్రేన్ తిరిగి రాలేదు. తాళ్లూ గొలుసులూ ఇచ్చే గదిలో కూర్చోబెట్టారు. కొత్త డ్రైవరు బరువు దింపినప్పుడల్లా నేల అదిరేది. తవిటయ్య కళ్లు మూసుకునేవాడు.

ఆట మానలేదు. అద్దాల్లోంచి గీతలన్నీ వంగి కనిపించేవి. బంట్లను నడిమికే తోసేవాడు, చేతికి దగ్గరగా. రోజూ ఓడిపోయేవాడు.

“ఒంటెని బయటికి తియ్యవేటి బావా?” అనేవాడు కూర్మారావు.

“ఉండనీరా.”

అది బంటు వెనకాల, మొదట పెట్టిన చోటే, ఆట అయ్యేదాకా ఉండిపోయేది.