కుండీలన్న బండికి గులాబీ సీట్లు

ఆ రోజుల్లో నేను పెద్దగా అబద్ధాలు ఆడేవాణ్ణి కాదు. అబద్ధమాడి కప్పిపుచ్చుకోవలసినంత పని ఎవరూ నాకు అప్పజెప్పేవారు కాదు, అంతే కారణం. ఇంజనీరింగు ముగించి, ఉద్యోగం వెతుక్కుంటూ రాజమండ్రి నుంచి వచ్చి, ప్రగతి నగర్‌లో అక్కా బావల ఇంట్లో మకాం పెట్టిన కొత్త. అలాంటి నాకు ఒకసారి ఒక చిన్న పని చెప్పారు. ఒక గుడ్డ ముక్కను బకెట్ నీళ్ళలో నానబెట్టి, రంగు దిగుతుందో లేదో చూడాలి. నేను నానబెట్టలేదు. "సూసినవా తమ్మీ?" అని అడిగితే మాత్రం "చూశాను" అన్నాను. ఆ ఒక్క మాట వల్ల ఒక ఇల్లాలు పుట్టింట్లోనే ఉండిపోయింది, మా బావగారు నడిరోడ్డు మీద ఉద్యమకారుడయ్యారు, నా ఇంటర్వ్యూ ప్యాంటు మళ్ళీ ఏ ఇంటర్వ్యూకీ పనికిరాకుండా పోయింది. తప్పు పూర్తిగా నాదే. ఇది ముందే చెప్పేస్తే మిగతాదంతా కాస్త తేలికగా నవ్వుకుంటూ చెప్పుకోవచ్చు.

మా బావగారికి గోపన్‌పల్లి దగ్గర మొక్కల నర్సరీ ఉండేది. హైటెక్ సిటీలోని అద్దాల భవనాలకు కుండీల్లో మొక్కలు కిరాయికి ఇచ్చేవారు. ఏసీలో పాలిపోయిన మొక్కను వెనక్కి తెచ్చి, నర్సరీలో ఎండా గాలీ తగలనిచ్చి, అది కోలుకున్నాక మళ్ళీ డ్యూటీకి పంపేవారు. (ఆ మొక్కలకు దొరికినన్ని సెలవులు అక్కడి ఉద్యోగులకు దొరకవని నాకప్పుడే అర్థమైంది. అయినా ఆ ఉద్యోగమే కావాలని కాళ్ళరిగేలా తిరిగాను.) ఆ మొక్కలను మోసే పికప్ బండి ఒకటుండేది. దాని యజమానీ, డ్రైవరూ ఒక్కడే. ఆఫీసుల్లో అందరూ అతన్ని 'కుండీలన్న' అనేవారు. గోపన్‌పల్లిలో పుట్టి పెరిగినవాడు. అద్దానికి ఉద్యమం వాళ్ళ గులాబీ కండువా కట్టుకుని, అడ్డొచ్చిన ప్రతి వాహనానికీ "జై తెలంగాణ" చెప్పి మరీ హారన్ కొట్టేవాడు. రాష్ట్రం వేరుపడాలని అతను, కలిసే ఉండాలని మా బావగారు. ఆ ఒక్క సంగతి తప్ప ఇద్దరూ లోకంలోని సంగతులన్నీ మాట్లాడుకునేవారు. నేను ఖాళీగా ఉన్న రోజుల్లో, అంటే రోజూ, ఆ బండిలో సాయం వెళ్ళి, కుండీ దించిన ప్రతి ఆఫీసులోనూ నా బయోడేటా కూడా దించి వచ్చేవాణ్ణి.

ఆ బండికి అన్నీ బాగానే ఉండేవి, సీటు తప్ప. తడి మట్టీ, పేడ ఎరువూ, మా ప్యాంట్లూ కలిసి ఆ రెగ్జిన్‌ను చీల్చి పారేశాయి. ఎడమపక్క ఒక స్ప్రింగు పైకి లేచి ఉండేది. మాకది అలవాటే, దానికి దారిచ్చి ఒదిగి కూర్చునేవాళ్ళం. కుండీలన్న భార్యకు ఆ అలవాటు లేదు. ఒక పెళ్ళికి వెళ్తూ, తన అన్న పెట్టిన కొత్త చీరతో ఎక్కిందట. దిగేటప్పుడు చీర కొంగు స్ప్రింగు దగ్గరే ఉండిపోయిందట. ఆమె అక్కడికక్కడే ఆటో ఎక్కి బాచుపల్లిలోని పుట్టింటికి వెళ్ళిపోయింది. వెళ్తూ ఒక షరతు కూడా పెట్టింది.

"ఆటోల రాను, బస్సుల రాను, నీ బండిల్నే వస్త. గని గా సీటు మీద గాదు. మంచి గట్టి బట్టతోని కవర్లు ఏపిచ్చి రా. రెగ్జిన్ ఏపిస్తివా, ఎండకు కాలుతది, మల్ల దిగిపోత."

మనిషి పాపం రోజురోజుకీ చిక్కిపోయాడు. మధ్యాహ్నం మా అక్క కట్టిన డబ్బాలో సగం పెడితే, ముద్ద నోట్లో పెట్టుకుని "ఆమె పప్పుల జర ఎల్లిపాయె ఎక్కువేస్తది తమ్మీ" అని కిటికీలోంచి బయటికి చూసేవాడు. పండక్కి ముందే ఆమెను తెచ్చుకోవాలని ఒకరోజు నన్ను పట్టుకున్నాడు.

"నాకు బట్టల సంగతి తెల్వది. నువ్వు సదువుకున్నోనివి. నువ్వే సూడు."

నేను చదివింది ఎలక్ట్రానిక్స్. అయినా ఆ మాటకు ఛాతీ పొంగి, మియాపూర్ రోడ్డులో సీటు కవర్లు కుట్టే దుకాణానికి వెళ్ళి, జౌళి వ్యాపారం తాతల నాటి నుంచీ మాదే అన్నట్టు గుడ్డలను నలిపి, లాగి, గోటితో గీకి, వెలుగుకు ఎత్తి చూశాను. దుకాణం సేటు ఓపిగ్గా అన్నీ చూపించాడు. కాకిరంగు కాన్వాసు గట్టిగానే ఉంది కానీ అందులో కూర్చుంటే పోలీసు జీపులో కూర్చున్నట్టుంటుంది. అప్పుడు కనబడింది, మూలన నిలబెట్టి ఉన్న మందపాటి గులాబీ రంగు గుడ్డ. నా బుర్ర చకచకా పనిచేసింది. అవి వారం వారం బందులూ, రాస్తారోకోలూ జరుగుతున్న రోజులు. సీట్లే గులాబీ రంగులో ఉంటే ఈ బండిని ఆపేదెవరు? మొక్కలు ఆగవు, నా బయోడేటాలూ ఆగవు! (కుండీలన్నకు ఆ రంగు ప్రాణం. నాకది టోల్ గేటు దగ్గర చూపించే పాస్. ఆ తేడా నాకప్పుడు తెలియలేదు.)

కుండీలన్న ఆ గుడ్డను చూసి చెంపకు ఆనించుకున్నాడు. "మస్తున్నది తమ్మీ! ఆమె గిది సూస్తే ఉర్కొస్తది."

సేటు మాత్రం ఒక ముక్క కత్తిరించి నా చేతిలో పెట్టాడు. "సాబ్, రంగు కొత్తది. ఇంటికాడ నీళ్ళల్ల ఏసి రాత్రంత ఉంచుండ్రి. దిగకుంటే నాకు చెప్పుండ్రి, కుడ్త. దిగితే బట్టంత నానబెట్టాలె, ఆరబెట్టాలె, గప్పుడు కుట్టాలె. తొందరపడితే పరేషాన్ అయితరు."

ఆ ముక్కను జేబులో పెట్టుకుని నేను మ్యాట్నీకి వెళ్ళాను. అది జేబులోనే ఉండిపోయింది. మర్నాడు పొద్దున్నే కుండీలన్న, తలకు నూనె రాసుకుని, కళ్ళు మెరుస్తుండగా వచ్చి నన్నడిగాడు. నానబెట్టలేదని చెబితే ఇంకో రోజు ఆగాలి, అతని ముఖం ముడుచుకుంటుంది. ఆ ముఖం చూడలేక "చూశాను" అన్నాను. (ఇలా ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. నిజం ఏమిటంటే, బద్ధకించానని ఒప్పుకోవడానికి సిగ్గేసింది.)

స్ప్రింగును లోపలికి అణిచి కట్టి, కవర్లు ఆ సాయంత్రానికే కుట్టి తొడిగారు. ఎంత బాగున్నాయంటే, మూలలు బిగిసి, కింద కొక్కేలు పట్టి, తల ఆనించే దిండ్లకు కూడా టోపీలు పెట్టినట్టు వచ్చి, ఆ పాత బండి పెళ్ళికొడుకులా నిలబడింది. కుండీలన్న సంతోషం పట్టలేక తెల్లవారగానే బండి కడిగాడు. కడిగి ఊరుకోక కొబ్బరికాయ కొట్టి, బకెట్లో మిగిలిన నీళ్ళు సీట్ల మీద కూడా చల్లాడు. చల్లడమంటే మొక్కలకు పోసినట్టే పోశాడు, చెయ్యి అలవాటు.

భార్యను తీసుకురావడానికి వెళ్ళేటప్పుడు ఒక పెద్దమనిషి వెంట ఉండాలి. ఆ పెద్దరికం మా బావగారి మీద పడింది. ఆయన మల్లెపువ్వులాంటి తెల్ల ప్యాంటూ చొక్కా వేసుకున్నారు. కుండీలన్నా తెల్ల బట్టలే. నేను లేత రంగు ఇంటర్వ్యూ ప్యాంటు. ముగ్గురం ముందు సీట్లో ఇరుక్కున్నాం.

"సీటు కొంచెం చెమ్మగా ఉన్నట్టుందేమయ్యా?" అన్నారు బావగారు.

"చల్లగుంటది సార్, మంచిదే" అన్నాడు కుండీలన్న.

బాచుపల్లి ఇంకా కొంత దూరం ఉందనగా రోడ్డు మూసేసి ఉంది. వంటావార్పు జరుగుతోంది. (ఆ రోజుల్లో నిరసన అంటే అదీ. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, గుండిగలెక్కించి, వండి, అక్కడే బంతులు వేసి తినడం.) మా బావగారి ముఖం పాలిపోయింది. ఇంతలో ఒకాయన అద్దంలోంచి సీట్లు చూసి "అరె, గులాబీ బండి రా!" అని అరిచాడు. పదిమంది చుట్టూ చేరి తలుపు తీశారు. "దిగుండ్రన్నా, తిని పోవాలె. తినకుంటే పోనియ్యం!"

బావగారు బెదురుతూ దిగి, చొక్కా సర్దుకోవడానికి అటు తిరిగారు. నేను లోపల్నుంచి చూశాను. తెల్ల ప్యాంటు వెనక, ఉదయించే సూర్యుడిలా నిండుగా గులాబీ రంగు. జనం చూసి, చప్పట్లతో, ఈలలతో రోడ్డు దద్దరిల్లేలా చేశారు.

"జెండా చేతిల పట్టుకునేటోళ్ళను సూసినం గని, గీ సార్ ఏడ పెట్టుకున్నడో సూడుండ్రా!"

ఆ గోలలో బావగారికి ఆ మాట వినబడలేదు. ఆ చప్పట్లు తన రాకకే అనుకుని, చేతులు జోడించి నాలుగు వైపులా తిరిగి నమస్కారాలు పెట్టారు. తిరిగిన కొద్దీ చప్పట్లు పెరిగాయి. ఆ ఉత్సాహంలో ఆయన గుండిగ దగ్గరికి నడిచి, పులిహోర కొంచెం నోట్లో వేసుకుని, "చింతపండు తగ్గిందండీ, ఇంగువ అసలు వేసినట్టే లేదు" అన్నారు. అంతే, గరిటె ఆయన చేతికొచ్చింది. కలిసి ఉండాలని వాదించే మా బావగారు, విడిపోవాలని వండుతున్న పులిహోరను చెమటలు కక్కుతూ కలిపి, రుచి చూపించి, మెప్పు పొంది, విస్తరాకులో వేసుకుని తృప్తిగా తిన్నారు. కుండీలన్న భార్య ధ్యాసలో స్టీరింగు వదలక ఇదేదీ చూడలేదు. నేను మాత్రం బండికి వీపు ఆనించి, పీతలా పక్కకు నడుస్తూ, నవ్వాలో ఏడవాలో తెలియక నిలబడ్డాను. అప్పుడైనా చెప్పవచ్చు. చెప్పలేదు.

బాచుపల్లి చేరాం. వాకిట్లో కాళ్ళకు నీళ్ళిచ్చారు. ముగ్గురం వరసగా వీధి వైపు తిరిగి వంగి కాళ్ళు కడుక్కున్నాం. వెనక అరుగు మీద వదిన, అదే కుండీలన్న భార్య, నిలబడి ఉంది. నవ్వు వినిపించింది. కుండీలన్న ఆ నవ్వుకే మురిసిపోయి వెనక్కి తిరిగాడు. అప్పటికే ఆమె బండి దగ్గరికి వెళ్ళి, తలుపు తీసి, సీటు మీద అరచేయి ఆనించి పైకెత్తి చూపింది. అరచేయంతా గోరింటాకు పెట్టినట్టుంది. ఆమె ముఖంలో నవ్వు ఆగిపోయింది.

"ఏందిది? నానబెట్టి సూడలేదా?"

"సూసినం. తమ్ముడే సూసిండు" అన్నాడు కుండీలన్న ధీమాగా.

"సూసినంక గిట్ల దిగుతదా? గా సదువుకున్న పిలగాని మీదికి నూకుతున్నవా? ఎన్కట స్ప్రింగు బాగుచేపిచ్చిన అని గిట్లనే చెప్పినవ్. ఇగ నువ్వు మారవు."

అతను నా వైపు చూశాడు. అనుమానంతో కాదు, సాక్ష్యం చెప్పమని. బావగారు కూడా చూశారు. నేను తల దించుకున్నాను. కాళ్ళకు పోసుకున్న నీళ్ళు ఇంకా కారుతున్నాయి, వాటినే చూస్తూ నిలబడ్డాను. వదిన లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. బావగారు ఇంటికొచ్చి ప్యాంటు విప్పి వెనక చూసుకున్నాకే ఆ చప్పట్లు దేనికో తెలుసుకున్నారు. మా అక్క కూలబడి నవ్వింది. నాకు మాత్రం అన్నం దిగలేదు.

మర్నాడు నర్సరీకి వెళ్ళి కుండీలన్నకు జరిగింది చెప్పాను. అతను తిట్టలేదు. నీళ్ళ పైపు కట్టేసి, "నా పెండ్లాం నన్ను అబద్ధాలోడు అన్నప్పుడు నువ్వు ఆడనే ఉన్నవ్ గద తమ్మీ" అన్నాడు. అంతకంటే తిట్టినా బాగుండేది. ఆ రోజు లిఫ్టు పనిచేయని ఒక భవనంలో అన్నిటికంటే పెద్ద కుండీలు నాకే వచ్చాయి. మారు మాట్లాడకుండా మోశాను.

ఆ సాయంత్రం కవర్లు విప్పి నానబెట్టాను. రంగు దిగింది, గుడ్డ కూడా కుంచించుకుపోయింది. దిండ్ల టోపీలు చంటిపిల్లలకు సరిపోయేలా తయారయ్యాయి. మళ్ళీ సేటు దగ్గరికి వెళ్ళి అదే గుడ్డ కొన్నాను. కాకిరంగు తీసుకుంటే పని తేలికే, కానీ కుండీలన్న చెంపకు ఆనించుకున్నది ఈ రంగును. అక్క వాళ్ళ డ్రమ్ములో కల్లుప్పు వేసి, గుడ్డ వేసి, తొక్కి, నీళ్ళు పారబోసి, మళ్ళీ వేసి, నీళ్ళు తేటగా వచ్చేదాకా తొక్కాను. కాలువలో గులాబీ నీళ్ళు పారుతుంటే, పక్కింట్లోని కాకినాడ పిన్నిగారు గోడ మీంచి తొంగి చూసి, "ఏవండీ, మీరూ అటు చేరిపోయారా?" అని అక్కను గుసగుసగా అడిగింది. నా పాదాలు మాత్రం చాలాకాలం పెళ్ళికూతురి పాదాల్లా ఉన్నాయి.

కవర్లు కుట్టి తొడిగాక కుండీలన్న నన్ను బాచుపల్లి తీసుకెళ్ళాడు. వీధి మొదట్లో బండి ఆపి, తాళాలు నా చేతిలో పెట్టి, "నువ్వే పో" అన్నాడు. బండిని మెల్లగా నడుపుకుంటూ వాకిలి ముందు ఆపాను. సీటు మీద చెంబెడు నీళ్ళు పోసి, బావగారి దగ్గర అడిగి తెచ్చుకున్న తెల్ల పంచెతో దాని మీద కూర్చుని, వదిన బయటికి వచ్చేదాకా అలాగే ఉన్నాను. ఆమె వచ్చాక చెప్పాను. నానబెట్టలేదని, అన్న అబద్ధమాడలేదని, ఆడింది నేనని, ఆ రోజు నోరు విప్పని పిరికివాణ్ణి కూడా నేనేనని.

ఆమె నా కింద తడిసిన సీటును చూసింది. తర్వాత "దిగు" అంది. దిగాను.

"తిరుగు."

తిరిగాను. వీధిలో జనం చూస్తున్నారు.

"ఇంకోసారి తిరుగు. వెలుతురు దిక్కు."

తిరిగాను. పంచె తడిగా ఉంది, తెల్లగా ఉంది. ఆమె నవ్వు అరుగు మీద మొదలై వీధి మొదటిదాకా వినిపించి ఉంటుంది, ఎందుకంటే కుండీలన్న అక్కడి నుంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఆమె సంచీ సర్దుకుని బయటికి వచ్చి, సీటు మీద చెయ్యి రాసి చూసుకుని, కొంగు దగ్గరికి తీసుకుని ఎక్కి కూర్చుంది. నేను కూడా ఎక్కబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు ఎన్క కూసో. సీటు తడిసింది, మాకే జాగ సాలదు."

వెనక ఖాళీ కుండీల మధ్య, తడి పంచె గాలికి ఆరుతుండగా, ప్రగతి నగర్ దాకా వచ్చాను. తల తిప్పితే క్యాబిన్ వెనక అద్దంలోంచి వాళ్ళిద్దరి తలలు కనబడుతున్నాయి. ఏదో గొడవ పడుతున్నారు, పప్పులో ఎల్లిపాయ సంగతే అనుకుంటాను. ఆ తర్వాత ఉద్యోగం వచ్చింది, మంచి సీట్లున్న కార్లూ ఎక్కాను. కుండీల మధ్య వెనక్కి తిరిగి కూర్చుని, వెళ్ళిపోతున్న రోడ్డును చూస్తూ ఒంటరిగా పళ్ళికిలిస్తున్న ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే మాత్రం, వాడు నాకన్నా హాయిగా ఉన్నాడేమో అనిపిస్తుంది.