తిప్పు, ఆపు

ఇంజను మేస్త్రి దృష్టిలో లోకంలో ఉన్నది రెండే జాతులు. విప్పిన పార్టు ఎక్కడిదో గుర్తున్నవాళ్లు, గుర్తుందనుకునేవాళ్లు. తాను మొదటి జాతిలో పుట్టానని ఆయనకు తిరుగులేని నమ్మకం. ఆయన విప్పిన ఇంజను బల్ల మీద బడిపిల్లల వరుసలా కూర్చునేది. ఒకటో పిస్టను, దాని పక్కన దాని పిన్ను, ఆ పక్కన దాని రాడ్డు, రాడ్డు తలకి దాని సొంత క్యాపు. ఒక రాడ్డు క్యాపుని ఇంకో రాడ్డుకి బిగించడమంటే ఒకరి పళ్లసెట్టు ఇంకొకరి నోట్లో పెట్టడమేనని ఆయన సిద్ధాంతం. షెడ్డులో నేల మీద కూర్చుని అన్నం తినొచ్చు. నూలుగుడ్డ వాడితే పోగులు ఊడి బేరింగుల్లో పడతాయని, ఇంజను దగ్గరికి నూలుగుడ్డ తెచ్చినవాణ్ణి ఆయన చూసే చూపు మామూలుగా దొంగలకి దక్కుతుంది.

ఆయనకి ఆస్తి అనదగినవి మూడు. ఇంజన్ని పైకి లాగే చైను బ్లాకు, ఇంజన్ని బిగించి ఎటు కావాలంటే అటు తిప్పే స్టాండు, ఒక బావమరిది. మొదటి రెండూ కొనుక్కున్నవి. మూడోది పెళ్లితోపాటు వచ్చింది. మొదటి రెండింటికీ అప్పుడప్పుడు నూనె వేస్తే చాలు. మూడోదానికి నూనె అక్కర్లేదు, అది పొద్దున్న షట్టరు ఎత్తిన దగ్గర్నుంచి దించేదాకా దానంతటదే మోగుతుంది. మాట్లాడ్డం ఆపితే ఊపిరి ఆగుతుందని ఎవరో భయపెట్టినట్టు బావమరిది మాట్లాడుతూనే ఉండేవాడు. మేస్త్రి మధ్యమధ్య "ఊఁ" అనేవాడు. ఇలా ఇద్దరికీ జుట్టు నెరిసింది.

ఇంజను కింది భాగం బిగించడం ఇద్దరి పని. అడుగు మూత తీసి, ఇంజన్ని స్టాండు మీద తలకిందులు చేస్తే క్రాంకు షాఫ్టు బయటపడుతుంది. పిస్టన్ల రాడ్లన్నిటినీ దానికే బిగించాలి. ఒక్కో రాడ్డు చేతికందే చోటికి రావాలంటే ఒకరు ముందువైపు నుంచి పొడుగాటి బారుతో షాఫ్టుని తిప్పుతూ ఉండాలి, రెండోవాడు లోపల చెయ్యి పెట్టి నట్లు బిగించాలి. షాఫ్టుకి ఇనప దిమ్మలుంటాయి. అవి తిరిగేటప్పుడు వాటికీ ఇంజను గోడకీ మధ్య గాలి పడుతుంది, వేలు పట్టదు. అందుకే ఆ షెడ్డులో ఆ పనికి రెండే మాటలున్నాయి. లోపల చెయ్యి ఉన్నవాడు "తిప్పు" అంటే తిప్పాలి. "ఆపు" అంటే ఆపాలి. బారు పట్టుకునేది పెద్దవాడు, చెయ్యి పెట్టేది చిన్నవాడు. ఈ రాజ్యాంగం రాసిందెవరో తెలియదు గానీ ఎన్నడూ సవరణకి రాలేదు.

ఆ రోజు స్టాండు మీదున్నది నీలంపొగ కక్కుకుంటూ వచ్చిన ఒక పాత కారు ఇంజను. సిలిండర్లు నున్నగా తోమించి, కొత్త రింగులు, కొత్త బేరింగులు వేసి, రెండు రాడ్లు బిగించడం అయింది. మూడోదానికి క్యాపు పెట్టి నట్లు బిగించాలి. బావమరిది భుజం కిందికి దిగింది, పైకి లేచింది. మేస్త్రి బారు మీద బరువు వేశాడు.

బారు మెత్తగా తగిలింది.

ఇనుము ఇనుముకి తగిలితే ఎలా ఉంటుందో ఆ చేతులకి తెలుసు. అడ్డంగా ఏదో పడితే ఎలా ఉంటుందో తెలుసు. ఈ మెత్తదనం వాటికి తెలియదు. మేస్త్రి తలెత్తి చూశాడు. బావమరిది నోరు పూర్తిగా తెరుచుకుని ఉంది. ముఖం గోడకి కొట్టిన సున్నంలా ఉంది. ఆ నోట్లోంచి ఏదీ వస్తున్నట్టు లేదు. అదేంటి, వీడు నోరు తెరిచి ఊరుకోవడమేంటి అని మేస్త్రికి అనిపించింది. మరుక్షణం బారుని వెనక్కి లాగాడు.

ఈలోగా వీధికి అవతలున్న టైర్ల షాపాయన చేతిలో పంపు గొట్టంతోనే పరిగెత్తుకొచ్చాడు. "ఏమైంది? ఏమైంది మేస్త్రీ? ఆ కేకలేంటి?" అన్నాడు.

"కేకలా?" అన్నాడు మేస్త్రి.

టైర్లాయన ఆయన వంక వింతగా చూశాడు. "వీధి వీధంతా లేచింది కదయ్యా! నా కంప్రెసరు మోతలోనే నాకు వినపడింది. ఆపు బావా, ఆపు బావా అని ఆ అరుపేంటి!"

మేస్త్రి చేతులు బారు మీదే ఉండిపోయాయి. కత్తివేటుకి నెత్తురుచుక్క లేదంటారే, అలా అయిపోయాడు. నెత్తురు అవతల బావమరిది వేలి నుంచి షాఫ్టు మీదికి కారుతోంది.

మధ్యవేలి గోరు ఊడింది, కొసన ఎముక చిట్లింది. వేలు ఉంటుంది, వంగడమే కొన్నాళ్లు మొరాయిస్తుందని ఆసుపత్రిలో చెప్పారు. బయట బల్ల మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. కట్టు కట్టిన వేలు జెండాకర్రలా నిలబడి ఉంది.

"బేరింగు మీద నూలుపోగు కనిపించింది బావా," అన్నాడు బావమరిది. "తీద్దామని వేలు పెట్టాను. ఉండు అన్నాను. నువ్వు తిప్పావు. ఆపు అన్నాను. అయినా తిప్పావు. తర్వాత ఏమన్నానో నాకే తెలీదు, అక్క వినకూడని మాటలే అయుంటాయి. నీకు వినపడలేదా?"

మేస్త్రి అతని పెదవుల వంక చూస్తున్నాడు. "ఏంటి?"

బావమరిది ఆయన ముఖంలోకి చూశాడు. లేచి, వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. మామూలు గొంతుతో అన్నాడు, "బావా, నీ చొక్కాకి నిప్పంటుకుంది."

మేస్త్రి ఎదురుగోడ మీద పళ్లు తోముకోవాల్సిన పద్ధతిని బొమ్మలతో సహా చదువుతూ కూర్చున్నాడు. వెనక అలికిడి లేకపోయేసరికి తిరిగి చూశాడు. బావమరిది నిలబడ్డచోటే కొయ్యబారిపోయి ఉన్నాడు.

"మరి ఇన్నాళ్లూ తిప్పు అంటే తిప్పావు, ఆపు అంటే ఆపావు. ఎలా?" ఈసారి దగ్గరికొచ్చి, ఎదురుగా నిలబడి అడిగాడు.

మేస్త్రి చాలాసేపు ఆలోచించాడు. తాను వినడం ఎప్పుడు మానేశాడో ఆయనకు తెలియదు. బావమరిది భుజం దిగి లేస్తే నట్టు బిగిసిందని లెక్క. లేచాక ఒక ఊపిరి ఆగి తిప్పడం. అంతే. ఆ భుజం ఏనాడూ అబద్ధమాడలేదు. నూలుపోగు కోసం వంగిందాకా.

"నీ భుజాన్ని బట్టి," అన్నాడు.

బావమరిదికి నోట మాట రాలేదు. అది జరగడం మొదటిసారి గనక ఆసుపత్రిలో ఎవరైనా రాసిపెట్టుకోవాల్సింది. కాసేపటికి తేరుకుని, "అయితే నేను చెప్పిన కబుర్లన్నీ?" అన్నాడు.

"ఊఁ అన్నాను కదరా."

"పక్కింటాయన రెండో పెళ్లి సంగతి?"

"చేసుకున్నాడా!"

ఇంట్లో పరిస్థితి ఇంకో రకంగా ఉంది. మేస్త్రి భార్య తమ్ముడి వేలు చూసింది, ఏడ్చింది, మొగుణ్ణి తిట్టింది. సంగతంతా విన్నాక తిట్టడం మధ్యలో ఆగిపోయింది. స్టవ్ కట్టేసి, కొంగుతో చేతులు తుడుచుకుని, కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది.

"చెవిటివాడి ముందు శంఖమూదినట్టు అని రోజూ అంటూనే ఉన్నాను," అంది. "తిట్టుగా అన్నానండీ. నిజమనుకోలేదు."

"నాకేం చెవుడు లేదు. ఈమధ్య అందరూ గొణుగుతున్నారు."

"అందరూనా?"

"నువ్వు మరీను."

వీధి చివరిదాకా వినపడే గొంతున్న ఆ మనిషి నోటి మీద చెయ్యి వేసుకుంది. మీరు పెడచెవిన పెడుతున్నారనుకున్నాను, అంది. వంటింటికి పచ్చరంగు వేయిద్దామా అని అడిగితే ఊఁ అన్నారు కదా, అంది. ఆ పచ్చరంగు చూసినప్పుడల్లా, తనను ఒక్క మాట అడక్కుండా వేయించిందని మేస్త్రి లోలోపల కుతకుతలాడుతూ వచ్చాడు. తన మౌనానికి ఇంత అధికారం ఉందని, తన ఇల్లంతా తన "ఊఁ"ల మీద నడుస్తోందని ఆయనకప్పుడే తెలిసింది.

తర్వాత ఆమె గొంతు తగ్గింది. ఆయన ముందుకి వంగి పెదవులు చూడాల్సి వచ్చింది.

"మా అమ్మ పోయిన కబురొచ్చినప్పుడు నేను వెనకగదిలో ఉన్నాను. మిమ్మల్ని పిలిచాను. చాలాసార్లు పిలిచాను. మీరు ముందుగదిలో పేపరు తిరగేస్తున్న చప్పుడు నాకు వినపడుతూనే ఉంది. రాలేదు. సరే, నాతో దుఃఖం పంచుకోవడం ఈయనకి ఇష్టం లేదు కాబోలనుకుని ముఖం కడుక్కుని నేనే బయటికొచ్చాను."

ఆ రోజు మేస్త్రికి గుర్తుంది. ఆమె ముఖం కడుక్కుని వచ్చి పొడిగా కబురు చెప్పింది. ఏడవనైనా ఏడవలేదు, ఎంత గట్టి మనిషో అని ఆయన మెచ్చుకున్నాడు. మెచ్చుకున్న సంగతి టైర్లాయనకి కూడా చెప్పాడు.

"నాకు వినపడలేదు," అన్నాడు. తన నోటితో తాను ఆ మాట అనడం అదే మొదలు.

చెవుల డాక్టరు నెమ్మదైన ఆవిడ. రెండు కొమ్ముల ఇనప కడ్డీ ఒకటి మోగించి చెవి దగ్గర గాలిలో పట్టుకుంది. మేస్త్రికి ఏమీ వినపడలేదు. అదే కడ్డీ కాలుని చెవి వెనక ఎముకకి ఆనించింది. గంట కొట్టినట్టు మోగింది. మేస్త్రి ఉలిక్కిపడ్డాడు.

"ఇంజన్లు బాగా వినపడతాయి డాక్టరుగారూ!" అన్నాడు. "స్క్రూడ్రైవరు కొన ఇంజనుకి ఆనించి, పిడి ఇక్కడ పెట్టుకుంటాను. ఏ వాల్వు గోలచేస్తోందో చెప్పేస్తాను. అందుకే నాకేమీ లేదనుకున్నాను."

లోపలి నరం బాగానే ఉందని, చెవిలో మూడు బుల్లి ఎముకలు ఒకదాన్నొకటి కదుపుతూ ఉంటాయని, మీకు వాటిలో చివరిది రెండు చెవుల్లోనూ బిగుసుకుపోయిందని ఆవిడ కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. తెరిచి, ఆ ఎముక బదులు చిన్న పార్టు వేయొచ్చంది.

జీవితమంతా తెరవడం, పార్టు వేయడమే వృత్తిగా బతికిన మనిషికి ఆ రెండు మాటలూ ఇంత చల్లగా ఉంటాయని తెలియదు. "తెరిచాక మళ్లీ మూస్తారుగా?" అన్నాడు. తర్వాత, "పార్టులేమీ మిగలవుగా?" అన్నాడు. తన దగ్గరికొచ్చిన బేరగాళ్లు ఈ ప్రశ్నలే అడిగితే ఇన్నాళ్లూ ఎంత అవమానంగా తీసుకున్నాడో తలుచుకుని, మూడో ప్రశ్న మింగేశాడు. ఆలోచించుకుని వస్తానన్నాడు. భార్య డాక్టరు వంక చూసి, "నేను తీసుకొస్తాను," అంది. అది ఆయనకి వినపడలేదు.

ఇంజను మాత్రం స్టాండు మీద తలకిందులుగా, గుడ్డ కప్పుకుని అలాగే ఉంది. మేస్త్రి రోజూ షట్టరు ఎత్తేవాడు, గుడ్డ మీది దుమ్ము దులిపేవాడు, కూర్చునేవాడు. బారు ముట్టుకోబోతే ఆ మెత్తదనం చేతుల్లోకి వచ్చేది. చెయ్యి వెనక్కి తీసుకునేవాడు. బావమరిది ఇక ఇంజన్లో చెయ్యి పెట్టడని ఆయన నిశ్చయించుకున్నాడు. పెట్టమని అడగడానికి తనకు నోరు రాదని కూడా. వాడు లేకపోతే షెడ్డు ఉండదు. ఉన్నా అందులో తాను ఉండలేడు.

కట్టు ఇంకా ఉండగానే బావమరిది వచ్చాడు. ఎదురుగా, పెదవులు కనిపించేచోట నిలబడ్డాడు.

"గుడ్డ తియ్ బావా."

"ఈ ఇంజను వేరే షెడ్డుకి ఇచ్చేద్దాంరా."

"ఎందుకు? వాళ్లకి వేళ్లు ఎక్కువున్నాయా?"

మేస్త్రి నవ్వలేదు. "నీ చెయ్యి లోపల ఉండగా నేను బారు పట్టుకోలేను. నావల్ల కాదు."

"పట్టుకోమని ఎవరన్నారు?" బావమరిది ఇంజను చుట్టూ తిరిగి ముందువైపుకి వెళ్లాడు. మంచి చేత్తో బారు తీసుకున్నాడు. "నీకు వినపడదు, నోరుంది. నాకు వేలు వంగదు, చెవులున్నాయి. నువ్వు అటు కూర్చుని చెప్పు, నేను తిప్పుతా."

మేస్త్రి నిలబడిపోయాడు. అటువైపు ఉన్నది ఒక పొట్టి స్టూలు. బావమరిది కూర్చుని కూర్చుని దాని చెక్క మధ్యలో అరిగి గుంటపడింది. అది తన షెడ్డులోదే అయినా మేస్త్రి ఏనాడూ దాని మీద కూర్చోలేదు. కూర్చున్నాడు. గుంట ఆయన కొలతది కాదు.

గుడ్డ తీశాడు. అక్కడినుంచి ఇంజను వేరేగా ఉంది. దిమ్మలు పైనుంచి తన మీదికి వంగి చూస్తున్నట్టున్నాయి. బారు పట్టుకునేచోటు నుంచి అవి కనిపించవు. అటు నిలబడ్డవాడికి వంగి పనిచేసేవాడి భుజం ఒక్కటే కనిపిస్తుంది. ఇన్నేళ్లూ వీడు రోజూ ఇక్కడ కూర్చుని, కబుర్లు చెబుతూ, ఇందులో చెయ్యి పెట్టాడా? బారు అవతల ఉన్నవాడు వింటున్నాడన్న ఒక్క నమ్మకంతో పెట్టాడా? నూలుపోగు ఎండిన మరకలో అతుక్కుని ఇంకా అక్కడే ఉంది.

"తిప్పు!" అన్నాడు. అవతలివాడికి వినపడదేమోనన్న భయానికి అది పెద్ద గర్జనే అయింది. అవతల టైర్లాయన మళ్లీ గుమ్మంలోకి వచ్చాడు.

షాఫ్టు కదిలింది. దిమ్మ నల్లగా, నెమ్మదిగా దిగి వచ్చింది.

"ఆపు!"

ఆగింది. ఆ మాట చివర ఇంకా నోట్లో ఉండగానే, వెంట్రుకవాసి కూడా ముందుకి జరగకుండా ఆగింది.

మేస్త్రి వేలు ముందుకి చాపాడు, వెనక్కి తీసుకున్నాడు. తలెత్తి చూశాడు. బావమరిది బారుని కింద పెట్టేశాడు. రెండు చేతులూ, కట్టుతో సహా, మేస్త్రికి కనిపించేలా తలపైకి ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. దిమ్మ గోడ దాకా రాకముందే ఆగింది గనక మిగిలిన సందులో మేస్త్రి వేలు పెట్టాడు, పోగు తీశాడు, బేరింగు మీద కొత్త నూనె రాశాడు, క్యాపు పెట్టి నట్లు బిగించాడు. ఆయన చెయ్యి పూర్తిగా బయటికొచ్చేదాకా బావమరిది చేతులు దించలేదు.