ఆంబుల కొనే మనిషి

నాకు కోపం ముందు, ఆలోచన తరవాత. బరంపురం లంజిపల్లిలో మా వీధి వీధంతటికీ తెలిసిన సంగతే. ఛత్రపూర్ కోర్టులో పనిచేసే గుమస్తా గారు ఒక రోజు నా దగ్గర కొన్న ఆంబుల సీసా పట్టుకొచ్చి, "అమ్మా, పళ్ల కింద ఇసక తగుల్తంది. ఒకపాలి సూడండి" అంటే, చూడకుండానే ఆయన మీద ఎగిరాను.

"పన్నెండేళ్ల నుంచి తింటన్నారు. ఇయ్యాలే తగిలిందేటి ఇసక?"

పాపం, ఆయన సీసా గట్టు మీద పెట్టి వెళ్లిపోయారు. ఆయన వీధి మలుపు తిరిగాక రెండు ముక్కలు తెల్ల పళ్లెంలో వేసి నీళ్లు పోశాను. నీళ్లు నల్లబడ్డాయి.

ఇంటి వెనక షెడ్డులో మరో ఇద్దరు ఆడవాళ్లతో కలిసి పచ్చళ్లు, అప్పడాలు చేసి అమ్ముతాను. అన్నిటికంటే పేరు తెచ్చింది మాత్రం ఆంబుల. అంటే ఉప్పు పట్టించి ఎండబెట్టిన మామిడి ముక్కలు, మనవాళ్లు ఒరుగులంటారు. పప్పులో ఒకటి పడితే చాలు, చేపల పులుసు సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు. అవి ఉత్తరాన బొగ్గు గనుల వైపు, ఒక కొండ ఊరి నుంచి గోనె సంచుల్లో వస్తాయి. అడవి మామిడికాయలు ఏరి, కోసి, ఎండబెట్టి పంపేది ఒక పెద్దావిడ, ఆమె వెంట ఆ ఊరి ఆడవాళ్లు. ఆమెను నేను మావుసీ అంటాను, ఒడియాలో పిన్ని అన్నట్టు.

ఫోన్ చేసి ఆమె మీదా అరిచాను. అరవనిచ్చింది. అంతా అయ్యాక నెమ్మదిగా చెప్పింది. పక్క కొండ గనిలోకి పోయింది. పేలుళ్ల దుమ్ము వచ్చి ముక్కలు ఎండబెట్టే చాపల మీద పడుతోంది, ఎంత దులిపినా పోదు. ఇప్పుడు గనిని తమ కొండకీ పెంచుతారట. మామిడి చెట్లన్నీ పోతాయి. వచ్చే వారం ఊళ్లోనే ప్రజాభిప్రాయ సేకరణ. ఈ కాయలు కొనేవాళ్లే లేరు, వీటి మీద బతికేవాళ్లూ లేరు అని కంపెనీ నివేదికలో రాశారట.

"కొనేది నువ్వే కదమ్మా. వచ్చి ఆ ఒక్క మాట చెప్పు" అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. వస్తానన్నాను.

మా ఆయన రైల్వేలో చేసి రిటైరైన మనిషి, గీత దాటరు. "మతి పోనాదేటే నీకు? మనం తెలుగోళ్లం. ఎక్కడో బొగ్గుగని గొడవలో మనకేటి? అయినా ఆ బొగ్గుతోటే గదా నీ గ్రైండరు తిరుగుతంది!"

ఆ చివరి మాట నిజమే. ఎదటివాళ్ల మాట నిజమైనప్పుడు నాకు మరీ మండుతుంది. "మా తాతలు ఇక్కడే పుట్టి ఇక్కడే సచ్చారు. ఇంకా పరాయోళ్లమేటండీ? నాను ఎల్తాను. మీరు రండి, రాకపొండి" అన్నాను.

అన్నానే గాని, ఆ వారమంతా కాలు ఒకచోట నిలవలేదు. ఆవకాయలో ఉప్పు రెండుసార్లు వేసేశాను. షెడ్డులో వాళ్లు నన్ను చూసి మాటలు ఆపేసేవారు. బయల్దేరే రోజున మా ఆయన మూతి ముడుచుకునే చెప్పులేసుకుని నా వెనక నడిచారు.

ఆ కొండ ఊళ్లో షామియానా, మైకు, పోలీసులు. నా వంతు వచ్చింది. బరంపురం నుంచి వచ్చానని, ఏటా ఈ కాయలు కొనేది నేనేనని, నా చిన్న వ్యాపారం ఈ చెట్ల మీదే నిలబడిందని ఒడియాలో చెప్పాను. ఊరి ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ ఊపులో, తెచ్చిన సీసా పైకెత్తి చూపించాను.

కంపెనీ తరపున వచ్చిన కుర్ర ఆఫీసరు లేచాడు. మర్యాదగానే సీసా అడిగి తీసుకుని, దాని మీది లేబుల్ మైకులో చదివాడు. "మా సొంత గంజాం జిల్లా తోటల మామిడితో."

అటు పక్క కుర్చీల్లోంచి నవ్వులు. ఆ మాట అచ్చు వేయించింది నేనే. మా బరంపురంలో అప్పడమైనా పచ్చడైనా సొంత ఇంటిదంటేనే ముందు అమ్ముడుపోతుంది. బజారు మాట, ఎవరు పట్టించుకుంటారులే అనుకున్నాను. నాకు తోట కాదు కదా, కుండీలో కరివేపాకు మొక్క కూడా సరిగ్గా బతకదు.

వేదిక మీది పెద్ద అధికారి కళ్లజోడు సవరించుకున్నాడు. "ఏది రాసుకోమంటారు? సీసా చెప్పిందా, మీరు చెప్పిందా?"

వెనక్కి చూశాను. మా ఆయన లేచి, ఇక వచ్చెయ్యమని చెయ్యి ఊపుతున్నారు.

"సీసా అబద్ధమని రాయండి" అన్నాను. "ఆ అబద్ధం ఆడింది నేనని నా పేరూ, వ్యాపారం పేరూ రాయండి. కాయలు ఈ ఊరివే." ఎన్నడూ లేనిది, కోపం రాలేదు. ఆయన ఏదో రాసుకున్నాడు. చూపించమంటే తరవాత అన్నాడు.

ఎవరో తీసిన వీడియో మాకంటే ముందే బరంపురం చేరింది. రెండు దుకాణాలవాళ్లు నా సీసాలు తిప్పి పంపేశారు. కొత్త లేబుల్ వేయించాను, ఆ ఊరి పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. గని సంగతి మాత్రం ఇప్పటికీ తేలలేదు. ఫోన్ మోగితే చాలు, మావుసీయేమో అని పరిగెత్తుతాను. ఆ ఊరి పేరు పన్నెండేళ్ల కిందటే వేసి ఉంటే, ప్రతి సీసా వాళ్ల తరపున సాక్ష్యం చెప్పేది కదా అని నన్ను నేనే తిట్టుకుంటాను.

అన్నిటికంటే నన్ను కుదురుగా ఉండనివ్వనిది ఇంకొకటి. ఆ రోజు మైకు దగ్గర్నుంచి వచ్చాక ఆఫీసరు తిరిగిచ్చిన సీసాను మావుసీ నా చేతిలోంచి తీసుకుంది. ఆమెకి చదువు రాదు. అక్షరాల మీద వేలు పెట్టి, "ఇందులో మా ఊరి పేరు ఏది?" అని అడిగింది. వెటకారం కాదు. ఇన్నేళ్లూ ఉందనే అనుకుందట, మనవలకీ అలాగే చెప్పుకుందట.

"లేదు మావుసీ" అన్నాను.

ఆమె సీసాను తిప్పి, వెనక వైపు కూడా చూసి, అప్పుడు నాకిచ్చేసింది.