దిద్దిన ఉత్తరం

పన్నెండేళ్ల క్రితం నా తమ్ముని భార్య వేరు కాపురం అడిగింది. నేను ఒప్పుకోలేదు. ఆమె కొత్తచెరువులోని మా ఇల్లు విడిచి రాయదుర్గంలోని పుట్టింటికి వెళ్లి, జీన్స్ కుట్టే పనిలో చేరింది. ఈమధ్య ఆమె నా తమ్మునికి ఫోను చేసింది: "కండ్లు సరిగ్గా ఆనడంలే, పని మానుకుంటాండా. రమ్మంటావా వద్దంటావా, నీ నోటితో నువ్వే చెప్పల్ల."

మూడు రోజులైనా తమ్ముడు జవాబివ్వలేదు. నన్ను అడగకుండా ఏ నిర్ణయమూ తీసుకోని అలవాటు అతనికి నేనే చేశాను.

సాయంత్రం ఏడు గంటలకు మేమిద్దరం ఒక డబ్బింగ్ సీరియల్ చూస్తాము. అందులో ఒక మానసిక వైద్యుడు రోగిని మెత్తగా పలకరించి, మెల్లగా అతని ఇంట్లోనే చేరి, చారులో ఉప్పు ఎంత వేయాలో కూడా తానే నిర్ణయిస్తాడు. తమ్ముడు కడుపు పట్టుకొని నవ్వేవాడు. నాకైతే ఆ వైద్యుని సమయపాలన నచ్చింది.

నిన్నటి భాగంలో వైద్యుడు రోగి ఫోను తీసుకొని, అతని భార్యకు తానే సందేశం రాశాడు. తమ్ముని నవ్వు ఆగిపోయింది.

"అన్నా, ఆమె పుట్టింటికి పోయినాక ఆమెకు నేను రాసిన ఉత్తరం నువ్వు దిద్దితివే, ఏమేం కొట్టేసినావు?"

ప్రధానోపాధ్యాయునిగా పనిచేసినంత కాలం, ఇంటి నుండి వెళ్లే ప్రతి కాగితమూ నా ఎర్ర సిరా దాటి వెళ్లవలసిందే. అతని చేతిరాత బాగుండదని శుభ్రప్రతి కూడా నేనే రాశాను. అతడు చదవకుండానే సంతకం చేశాడు.

"నువ్వు లేకుంటే అన్నం పోవడంలే. తప్పు నాదే. బస్సెక్కి రా." ఇవీ నేను కొట్టివేసిన వాక్యాలు. వాటి స్థానంలో, "ఇచ్చట అందరమూ క్షేమము. నీ వీలును బట్టి రావచ్చును" అని రాశాను. మగవాడు ప్రాధేయపడటం మర్యాద కాదని నాకు నేను చెప్పుకొన్నాను. అసలు సంగతి వేరు. నా భార్య పోయిన తరువాత ఆ ఇంట్లో నాకు మిగిలినవాడు తమ్ముడొక్కడే. స్నానం చేస్తున్నప్పుడు, పత్రిక చదువుతున్నప్పుడు, ఆ మూడు వాక్యాలూ అతని గొంతుతోనే నాకు వినిపిస్తూ వచ్చాయి.

అంతా చెప్పాను. అతడు కేకలు వేయలేదు. టీవీ ఆపి, భార్యకు ఫోను కలిపి, నా చేతిలో పెట్టాడు.

"నువ్వు రాసింది నువ్వే చెప్పు."

నేను "హలో" అనగానే, "ఎవురు? బావా, మీరా?" అంది ఆమె.

"నీకు వచ్చిన ఉత్తరం వాడు రాసినది కాదమ్మా."

"ఆ పొద్దే తెలుసు బావా. అంత శుద్ధమైన మాటలు ఆయప్పకు యాడ వస్తాయి? మనిషే వస్తాడేమోనని చూసినా. రాలా. ఆడనే ఉండాడా? ఒగ మాట చెప్పమను."

ఫోను తమ్మునికి అందించి, వినకూడదని గుమ్మం వైపు నడిచాను. వెనుక నుండి అతడు, ఫోనును అరచేత్తో మూసి, నన్ను పిలిచాడు.

"అన్నా, ఏం చెప్పల్ల?"