కాక అరచేతికి తెలిసిన గొంతు

మొన్న మా ఇంట్లో మేస్త్రీ చిన్న కర్రతో గోడ తట్టి, పెచ్చు ఎక్కడ వదిలిందో చూస్తున్నాడు. గట్టిగా ఉన్నచోట ‘టక్’మంది, వదిలినచోట ‘డొబ్’మంది. చేస్తున్న పని మానేసి అతని వెంటే గదులన్నీ తిరిగాను.

డెబ్బయ్యో దశకంలో గోదావరిఖనిలో, బొగ్గుబావి లోపల టబ్బులను లాగే హాలేజీ ఇంజను నడిపేవాణ్ణి. పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే మల్లయ్య కాకది మా షిఫ్టే. ముందు కర్రతో పైకప్పును తట్టనిదే ఎక్కడా అడుగు పెట్టేవాడు కాదు. రెండో అరచేయి రాయికి ఆనించే ఉండేది. వినడానికి చెయ్యెందుకని అడిగాను.

“ఇంజను లొల్లికి చెవి మోసపోతది. అదురు చెయ్యికి తెలుస్తది.”

కాలనీ భజనలో డోలక్ ఆయనది, పాట నాది. కొత్త హార్మోనియం నేనే ఏరికోరి తెచ్చాను. అది వచ్చాక రెండో పాటకే నా గొంతు పగిలిపోయేది. కాలనీ క్లబ్బులో అందరి ముందూ పాట మధ్యలో ఆగిపోయిన రోజు, ఇక పాడనని కాకతో చెప్పేశాను. ఆ పెట్టెను ఎలా ఎంచావని మాత్రం అడిగాడాయన. అన్నిటికన్నా కీచుగా, దూరం వినబడేదాన్ని ఎంచానన్నాను. ఎనిమిది గంటలు ఇంజను పక్కన కేకలు వేసేవాడికి అంతకన్నా మంచి గుణం ఏం తోస్తుంది? దాని ధ్వనికి సరితూగాలని నేనూ పైపైకి పాడేవాణ్ణి.

పెట్టెను మార్పించడానికి ఇద్దరం వరంగల్ వెళ్లాం. దుకాణంలో కాక నా ఛాతీ మీద అరచేయి పెట్టి, మా అమ్మను ‘అవ్వా’ అని పిలవమన్నాడు. పిలిచాను. దుకాణదారు ఉలిక్కిపడ్డాడు.

“అది హాలేజీ కాడి పిలుపు. అవ్వ పక్కన కూసున్నప్పుడు ఎట్ల పిలుస్తవు?”

సిగ్గుపడుతూ మెల్లగా “అవ్వా” అన్నాను. నా అసలు గొంతు అంత కింద ఉంటుందని నాకే తెలియదు. కాక ఒక చెయ్యి నా ఛాతీ మీదే ఉంచి, ఇంకొకటి ఒక్కో పెట్టె చెక్కకు ఆనించి, నన్ను అలాగే పిలుస్తుండమని, దుకాణదారును వాయించమన్నాడు. చివరికి మూలనున్న, రంగు వెలిసిన, మంద్రంగా పలికే పెట్టె దగ్గర ఆగాడు. క్లబ్బులో దానితో పాడిననాడు వెనక వరుసలవాళ్లు సరిగా వినబడక ముందుకు జరిగి కూర్చున్నారు. పాట పూర్తయింది.

రిటైరయ్యాక కాకకు చెవులు పూర్తిగా పోయాయి. ఒకరోజు పెట్టె తీసుకుని ఆయన ఇంటికి వెళ్లాను. పాడుతుంటే ఛాతీ మీద చెయ్యి పెట్టాడు. రెండో చరణంలో తల అడ్డంగా ఊపాడు.

“ఒర్రుతున్నవు బిడ్డా. నాకు ఇనవడదని ఒర్రకు.”

నాకు ఏడుపొచ్చింది. గొంతు దించి మళ్లీ మొదటినుంచి పాడాను. ఆయన చెయ్యి తియ్యలేదు.

అవ్వ లేదు, కాక లేడు. ఇప్పటికీ పాట ఎత్తుకునే ముందు నా అరచేయి నా ఛాతీ మీదికి పోతుంది. “అవ్వా” అని మెల్లగా పిలిచి, అక్కడినుంచి మొదలుపెడతాను.